ఆ నల్లపట్టీలెందుకు?

కొత్త టెలివిజను ఇంటికి వచ్చిన వారంరోజుల్లోనే ఒక తగాదా బయలుదేరుతుంది. మా మర్రిగూడలోనూ అంతే. అంగుళాలు లెక్కపెట్టి, కిస్తులు కట్టి, గోడకు బిగించుకున్నాక సినిమా పెడితే, పైనా కిందా నల్లపట్టీలు! "గింత పైసలు పోసి కొన్నం, బొమ్మ గింతే వస్తుందేంది?" అంటాడు ఇంటిపెద్ద. కుర్రవాడు రిమోటు అందుకుని ఏదో మీట నొక్కుతాడు. బొమ్మ తెరనిండా పరుచుకుంటుంది. అందరూ సంతోషిస్తారు. ఆ మీటవల్ల ఏం పోయిందో మాత్రం ఎవరూ అడగరు.

సంగతేమిటంటే, అన్ని సినిమాలకూ ఆకారం ఒకటి కాదు. పాతకాలపు బొమ్మ దాదాపు 4 పాళ్ళ వెడల్పుకు 3 పాళ్ళ ఎత్తు ఉండేది. టెలివిజను వచ్చినప్పుడు దానికీ అదే కొలత పెట్టారు. జనం ఇంట్లోనే కూర్చుంటే హాలుకు ఎవరొస్తారని హాలీవుడ్ వారికి బెంగ పట్టుకుంది. 1953 లో 'ది రోబ్' అనే చిత్రంతో సినిమాస్కోపును దింపారు. విశాలమైన దృశ్యాన్ని కెమెరా లెన్సు పక్కలనుంచి నొక్కి మామూలు ఫిల్ము మీదికి ఎక్కిస్తుంది. హాల్లో ప్రొజెక్టరు లెన్సు దాన్ని మళ్ళీ విప్పుతుంది. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రం 1974 లో వచ్చిన కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు'. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి.

ఎత్తు 1 అనుకుంటే స్కోపు వెడల్పు సుమారు 2.35, పాత బొమ్మది 1.37. ఇప్పటి టీవీ 16కు 9, అంటే 1.78, రెంటికీ మధ్యరకం అన్నమాట. స్కోపు బొమ్మను పూర్తిగా చూపితే తెర ఎత్తులో నాలుగోవంతు ఖాళీగా ఉంటుంది. పాత బొమ్మను పూర్తిగా చూపితే పక్కలు ఖాళీ. ఖాళీ వద్దంటారా, రెండే దారులు: కొయ్యాలి, లేదా సాగదీయాలి. పాత బొమ్మను సాగదీస్తే మనుషులు వెడల్పులో ఇంచుమించు మూడోవంతు పెరుగుతారు. సావిత్రిగారి గుండ్రటి మొహం గుమ్మడికాయవుతుంది. స్కోపును కోస్తే అంచున నిలబడ్డవాడు మాయమవుతాడు.

1957 నాటి 'మాయాబజార్'కు రంగులద్ది, స్కోపు తెరకు మార్చి, 2010 లో విడుదల చేశారు. రంగులు చూసి మురిసినవారిలో నేనూ ఉన్నాను. అయితే లెక్క లెక్కే. పాత ఆకారాన్ని సాగదీయకుండా స్కోపు తెర నింపాలంటే, ఎత్తులో వందకు 40 పాళ్ళు వదులుకోక తప్పదు. ఘటోత్కచుడి కిరీటం నిలుపుకుందామంటే లడ్డూల పళ్ళానికి ముప్పు!

సినిమా అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. సొంత ఇంటి బొమ్మ అలా కాదు. 1993 లో మా అక్క పెళ్ళికి వీడియో తీయించాము. ఈమధ్య ఆ కాసెట్టును ఒక దుకాణంలో పెన్ డ్రైవులోకి ఎక్కించాము. "తెరనిండ వచ్చేటట్టు చేసినం సార్" అని చెప్పి మరీ ఇచ్చారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తున్నాము. పందిరి ఉంది, పెళ్ళికూతురు ఉంది, మేళగాళ్ళు ఉన్నారు. మా అమ్మ మాత్రం టీవీ దగ్గరికి జరిగి, "అత్తమ్మ ఏదిరా? పందిరి ముందల్నే కూసున్నది గదా!" అన్నది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె కదులుతూ మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క కాసెట్టులోనే. చాపమీద కూర్చున్నది కాబట్టి బొమ్మకు కింది అంచున పడింది. కొత్త టీవీకి సరిపెట్టడానికి ఎత్తులో నాలుగోవంతు కోసేసరికి, నడినెత్తిన తెల్లవెంట్రుకలు మిగిలి ముఖం పోయింది.

అదృష్టవశాత్తు కాసెట్టు ఇంట్లోనే ఉంది. కొయ్యకుండా, పక్కల నల్లపట్టీలతోనే మళ్ళీ ఎక్కించమన్నాము. ఈసారి నాయనమ్మ వచ్చింది. వక్క నములుతూ, ఎవరినో చెయ్యూపి పిలుస్తూ, పావు నిమిషం. అమ్మ దాన్ని మూడుసార్లు వేయించుకున్నది. పట్టీల మాట ఎవరూ ఎత్తలేదు.

పాత కాసెట్లున్నవారికి ఒక మనవి. టేపు మీది పూత ఏటేటా నీరసిస్తుంది కనుక ఆలస్యం చేయకండి. ఎక్కించేవారికి ముందే చెప్పండి, తెర నిండకపోయినా సరే, ఉన్నది ఉన్నట్టు రావాలని. తెచ్చుకున్నాక మొదటినుంచి చివరిదాకా చూసి, అంచుల్లో కూర్చున్నవాళ్ళంతా ఉన్నారో లేదో లెక్క చూసుకోండి. అంతవరకు కాసెట్టు పారేయకండి.