ఆ పిల్లవాడి కళ్ళలో భయం లేదు

2021 జనవరిలో హైదరాబాదు పోలీసులు మైనా రాములు అనే రాళ్ళు కొట్టే కూలీని అరెస్టు చేశారు. స్వగ్రామం మన సంగారెడ్డి జిల్లా కంది మండలంలోని ఆరుట్ల. ఒంటరి స్త్రీలను కల్లు కాంపౌండ్ల వద్ద మచ్చిక చేసుకొని, చంపి, నగలు దోచుకొనేవాడనీ, అట్లా 18 హత్యలు చేశాడనీ వారు ప్రకటించారు. అంతకు ముందే, 2011లో, యావజ్జీవ శిక్ష పడింది. అదే ఏడాది చివర ఎర్రగడ్డ మానసిక వైద్యశాల నుండి పారిపోయాడు.

ఆ రోజుల్లో బొల్లారం టీ దుకాణాలలో ఒకటే మాట: "పెండ్లాం ఇడిసిపోయింది సార్, అందుకే గట్లైండు." పాఠకులారా, భార్య వదిలిపోయినవారు ఈ పారిశ్రామికవాడలో ఎందరు లేరు! తాగుతారు, ఏడుస్తారు, మరునాడు షిఫ్టుకు వెళతారు.

పత్రిక చదివి ఎవరికీ రోగ నిర్ణయం చేయలేను. కాని సైకోపతీ అంటే పిచ్చి కాదని మాత్రం చెప్పాలి. అందులో భ్రమలుండవు, లేని గొంతులు వినిపించవు. 1941లో అమెరికా వైద్యుడు హెర్వీ క్లెక్లీ దానిని మామూలుతనమనే ముసుగుగా వర్ణించాడు. తరువాత రాబర్ట్ హేర్ రూపొందించిన 20 అంశాల పట్టికలో పైపై ఆకర్షణ, అలవోకగా అబద్ధమాడడం, పశ్చాత్తాపం లేకపోవడం ఉన్నాయి, హత్య లేదు. ఈ లక్షణాలున్నవారిలో అధికులు ఎవరినీ చంపరు.

బీజం కొంత వంశపారంపర్యం. ఎదుటివారి భయాన్ని గుర్తించే మెదడు భాగం, అమిగ్డాలా, కొందరు పిల్లలలో మందకొడిగా స్పందిస్తుంది. ఇంటిలోని హింస, నిరాదరణ దానికి తోడవుతాయి. పద్దెనిమిదేళ్ళు నిండకుండా ఎవరికీ ఆ ముద్ర వేయరాదు.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. చాలా ఏళ్ళ క్రితం మందుల ఫ్యాక్టరీ కార్మికుడొకడు తొమ్మిదేళ్ళ కొడుకును నా దగ్గరకు తెచ్చాడు. కుక్కపిల్ల కాలు విరిచాడట. ఎందుకురా అని అడిగితే, "ఎట్ల అరుస్తదో చూసిన" అన్నాడు. కళ్ళలో బెదురు లేదు, సిగ్గూ లేదు. నేను తండ్రితో, "నాలుగు తగిలించు, దారికొస్తాడు" అన్నాను.

అట్టి పిల్లలకు దండన అంతగా అంటదు. మెప్పు, బహుమానం, తల్లిదండ్రుల ఆప్యాయత కొంతవరకైనా పనిచేస్తాయి. పిల్లల మానసిక వైద్యుని వద్దకు పంపి ఉండవలసింది. తండ్రి నా మాట శ్రద్ధగా విని, ఫీజు ఇవ్వబోయాడు. నేను వద్దన్నాను. వాళ్ళు మళ్ళీ రాలేదు.