నదికి మనమేమి ఇచ్చుచున్నాము?

నైలునది ఒండ్రుమట్టి లేనిచో ఐగుప్తు లేదు; యూఫ్రటీసు కాలువలు లేనిచో బబులోను లేదు. మన హైదరాబాదును 1591లో మూసీ యొడ్డుననే పుట్టెను. 1908లో ఆ నది పొంగి వేలమందిని బలిగొనగా, వరద నాపుటకు 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును కట్టి ముగించిరి. అవే పట్టణమునకు త్రాగునీరు నిచ్చెను.

1998లో సైబర్ టవర్స్ వెలసిన హైటెక్ సిటీ యొడ్డున నది లేదు. అక్కడివారికి కృష్ణా గోదావరుల నీళ్లు దూరమునుండి గొట్టములలో వచ్చుచున్నవి. నగరపు మురుగు మాత్రము మూసీ పాలగుచున్నది. ఆ నీటితోనే దిగువ పల్లెల రైతులు పైరు పెట్టుచున్నారు. మిగిలినది వాడపల్లియొద్ద కృష్ణలో కలియును.

నదివలన నగరము బ్రదికెను. నగరమువలన నది బ్రదుకుచున్నదా? దిగువనున్నవాడును మన పొరుగువాడే గదా! మీ ఊరి వాగులో మీరేమి విడుచుచున్నారో నేడే చూచుకొనుడి.