మా ఊరి పేరులో ఒత్తు

హాస్టల్లో నా పేరు 'బీటాగాడు'. పెట్టింది మా రూమ్మేట్. ఏ ఆపరేటింగ్ సిస్టం కొత్త వెర్షన్ వస్తుందన్నా సరే, అందరికీ రాకముందే అది నా లాప్‌టాప్‌లో ఉండాలి. ఐదారు జీబీల ఫైలు. హాస్టల్ వైఫైకి అర్ధరాత్రి రెండు దాటితేగానీ ఊపు రాదు. డౌన్‌లోడ్ అయ్యేదాకా కాపలా కాసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేసి, పొద్దున్నే ఎర్రటి కళ్లతో క్లాసుకెళ్లి పక్కోడికి చూపించడం. "చూశావా, మెనూ ఎలా మారిందో!" వాడు ఒక్క నిమిషం నోరు తెరుస్తాడు. ఆ ఒక్క నిమిషం కోసమే ఇదంతా.

ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదులెండి. 2000 సెప్టెంబర్‌లో ఆపిల్ కంపెనీ మాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటా ఇచ్చినప్పుడు జనం దాదాపు 30 డాలర్లు పెట్టి కొనుక్కున్నారు. ఇంకా పూర్తికాని సరుకు, పైగా మరుసటి ఏడాది మే దాటితే పనిచేయదు. తెలిసే కొన్నారు. 2009 జనవరిలో విండోస్ 7 బీటా మొదట 25 లక్షల మందికే అన్నారు. జనం ఎగబడేసరికి ఆ లెక్క ఎత్తేశారు. దానికీ గడువుంది. జులై 1 నుంచి రెండు గంటలకోసారి దానంతట అదే ఆగిపోయేది, ఇక చాలు తీసేయమని చెప్పడానికి. అప్పుడు నేను బడిలో కూడా చేరలేదు, కానీ ఈ సంగతులన్నీ నాకు నోటికి వచ్చు. నోటికి వచ్చినంత మాత్రాన నేను చేస్తున్న పనేంటో నాకు తెలుసని కాదు. అది చెప్పడానికే ఈ వ్యాసం.

మా ఊరు మద్దికెర. కర్నూలు జిల్లాలో పడమటి వైపు. ఒకపక్క పత్తికొండ, ఒకపక్క గుంతకల్లు. దసరాకు గుర్రాల పందెం జరిగే ఊరంటే కొందరికి గుర్తొస్తుంది. వజ్రాలు దొరికే చోటంటే అందరికీ గుర్తొస్తుంది. తొలకరి వాన పడిందంటే చాలు, జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చుట్టుపక్కల ఎర్రనేలల్లోకి ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. పై మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి కదా, వాటిలో ఏదో ఒకటి మెరవకపోతుందా అని. సద్దిమూట కట్టుకుని, నడుము వంచుకుని, అడుగులో అడుగేస్తూ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నేల చూస్తూనే ఉంటారు. చాలామంది ఉత్త చేతులతో పోతారు. విత్తనం పడిన చేలో తొక్కుతారని మా నాయన వాళ్లను తిడతాడు, మళ్లీ తాగేకి నీళ్లూ ఇస్తాడు.

పోయిన జూన్‌లో సెమిస్టర్ పరీక్షలైపోయి ఇంటికెళ్లా. లాప్‌టాప్‌లో అప్పటికి మూడు వారాల కిందటే ఒక కొత్త టెస్ట్ వెర్షన్ ఎక్కించి ఉన్నా. ఏ కంపెనీదో చెప్పను. అనడానికి తప్పు వాళ్లది కాదు కూడా. 'ఇది పరీక్ష కోసం, రోజూ వాడే మిషన్లో వేయొద్దు' అని మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాసుంది. నాకున్నది ఒకటే మిషను. బుడ్డలు అమ్మిన డబ్బుల్తో నాయన కొనిచ్చింది.

ఆ సాయంత్రం వాన వెలిసింది. పక్క మండలంలో ఎవరికో వజ్రం దొరికిందని ఊరంతా ఒకటే మాట. "ఏమి రాసినారో సూడప్పా" అన్నాడు నాయన. ఆయన ఫోన్లో అక్షరాలు చిన్నవి. నా లాప్‌టాప్ పెద్దది, పైగా కొత్త కొత్త రంగులతో మెరిసిపోతోంది. గర్వంగా ఒక తెలుగు పేపర్ వెబ్‌సైట్ తెరిచి, ఆయన ఒళ్లో పెట్టి, నేను టీ తాగేకి లోపలికెళ్లా.

వచ్చేసరికి నాయన తెరను దూరం జరిపి, దగ్గరికి జరిపి, అద్దాలు తీసి టవల్‌తో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూస్తున్నాడు. కాసేపటికి లాప్‌టాప్ నెమ్మదిగా మూసి నా చేతికిచ్చాడు.

"చదివేకి అయితాలేదప్పా. కండ్లు పోయినట్టుండాయి."

అమ్మతో కూడా అన్నాడు, సోమవారం ఆదోనికి పోయి కండ్లు చూపించుకోవాలని. యాభై దాటినాయి కదా, అద్దాలు మార్చాలేమో అనుకున్నా నేను. తెర వైపు కూడా చూడలేదు.

రాత్రి ఎనిమిదో తరగతి చదివే మా చెల్లెలు పాటలు వినడానికి లాప్‌టాప్ తీసుకుంది. నాయన తెరిచిన పేజీ ఇంకా అలాగే ఉంది. అది చూసి పకపకా నవ్వింది.

"అన్నా, ఇదేం తెలుగన్నా? ఒత్తులన్నీ ఊడిపోయినాయి!"

వెళ్లి చూశా. వజ్రం 'వజ్‌రం' అయిపోయింది. ఒక్క ఒత్తు కూడా కింద నిలబడలేదు. పొల్లు పెట్టిన అక్షరం ఒకటి, దాని పక్కన ఇంకో అక్షరం, ఎవరి దారి వాళ్లది. మా ఊళ్ల పేర్లయితే మరీ ఘోరం. తుగ్‌గలి, పత్‌తికొండ, జొన్‌నగిరి, గుంతకల్‌లు, ఎమ్‌మిగనూరు. ఒత్తు లేని పేర్లు కాబట్టి ఆదోని, ఆలూరు బతికి బయటపడ్డాయి. మా ఊరు పడలేదు. 'మద్‌దికెర' అని ఉంది తెర మీద, ఎవరో మధ్యలో కత్తితో కోసినట్టు.

మూడు వారాలు. తెలుగు సాహితీ క్లబ్ సభ్యుణ్ణి, ఈ పత్రికలో రెండుసార్లు రాసినవాణ్ణి, మూడు వారాలుగా నా సొంత లాప్‌టాప్‌లో ఒక్క తెలుగు పేజీ కూడా తెరవలేదన్నమాట. తెరిచి ఉంటే తెలిసేది. సిగ్గనిపించింది. దానికంటే ఎక్కువగా గుచ్చుకున్నది వేరే ఉంది. తెర మీద తెలుగు విరిగిపోయి ఉంటే నాయనకు 'ఈ మిషను బాగలేదు' అని తోచలేదు. తన కళ్లు బాగలేవనుకున్నాడు.

పొద్దున్నే చేను దగ్గర చెప్పా. కళ్లకు ఏమీ కాలేదని, తప్పు నా లాప్‌టాప్‌దని. "ముందే చెప్పొచ్చు గదరా, బస్ చార్జీ మిగిలె" అన్నాడు. కాసేపాగి అడిగాడు:

"ఇంకా తయారుగాని దాన్ని ఏంటికి ఏసుకుంటివి?"

"అందరికీ ఇచ్చే ముందు మాలాంటోళ్లకు ఇచ్చి, తప్పులుంటే చెప్పమంటారు నాయనా."

"మరి చెప్తివా?"

నేను మాట్లాడలేదు.

"ఎన్నేండ్ల నుంచి ఏస్తాండావు ఇట్లాంటివి?"

"మూడేండ్లు."

గట్టుకు అవతల నలుగురు నడుములు వంచుకుని వజ్రాల కోసం చూస్తున్నారు. వాళ్ల వైపు చెయ్యి చూపించాడు. "వాళ్లన్నా దినమంతా నేల సూస్తారు. నువ్వేమి సూస్తివి?"

ఇంటికొచ్చి, జీవితంలో మొదటిసారి ఫీడ్‌బ్యాక్ బటన్ నొక్కా. 'తెలుగు సరిగ్గా రావడం లేదు' అని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క రాసి పంపా. నాలుగు రోజులకు, వివరాలు చాలవని మూసేశారు. కోపం వచ్చింది కానీ న్యాయమే. డాక్టర్ దగ్గరికెళ్లి 'బాగలేదు' అని మాత్రం చెబితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అప్పుడు కూర్చుని చదివా. మనం 'ద్ద'ను ఒక అక్షరం అనుకుంటాం. కంప్యూటర్ లోపల అది మూడు: ద, పొల్లు, మళ్లీ ద. ఈ మూడూ వరసగా వస్తే రెండో ద తలకట్టు తీసేసి ఒత్తుగా మార్చి కింద పెట్టాలన్న సంగతి కొంత ఫాంటులోనూ, కొంత అక్షరాలు కూర్చే ప్రోగ్రాంలోనూ ఉంటుంది. ఆ రెండిట్లో ఎక్కడ చిన్న మార్పు జరిగినా ఇంగ్లిష్‌కు ఏమీ కాదు, దానికి ఒత్తులు లేవు కదా. కాబట్టి ఇంగ్లిష్‌లో పరీక్ష చేసేవాడికి ఎప్పటికీ కనపడదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. చోటు ఉండటం వేరు, కూర్పు సరిగ్గా పడటం వేరు.

ఈసారి రిపోర్టు మళ్లీ రాశా. ఏ బిల్డ్ నంబరు, ఏ బ్రౌజరు, ఏ ఫాంటు, ఏ వరసలో ఏం చేస్తే తప్పు వస్తుంది, రావలసింది ఏంటి, వచ్చింది ఏంటి. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టా. ఉదాహరణకు ఒకే మాట ఇచ్చా: మద్దికెర.

మీలో కొందరికి 2018 ఫిబ్రవరి గుర్తుండొచ్చు. మన 'జ్ఞా' ఒక రకమైన కోడ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఒక్క తెలుగక్షరం ప్రపంచమంతా వార్త అయిపోయింది. అప్పటికి పరీక్షలో ఉన్న 11.3 వెర్షన్లో ఆ తప్పు లేదు. జనం చేతుల్లో ఉన్నదానికి ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి సరిచేశారు. అంత తొందరగా ఎందుకు కదిలారు? ఫోన్ ఆగిపోయింది కాబట్టి. అక్షరం వల్ల ఫోన్ విరిగితే వార్త. ఫోన్ బాగానే ఉండి అక్షరం మాత్రమే విరిగితే అది ఎవరికీ వార్త కాదు. చదవలేనివాడు అద్దాలు తుడుచుకుంటాడు, అంతే.

ఇంకొకటి కూడా తెలిసింది. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసింది, కొద్ది రోజులకే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. తీరా చూస్తే, టెస్టర్లు కొందరు ఆ సంగతి ముందే రాశారట. కానీ ఆ రిపోర్టులకు ఓట్లు తక్కువ, కిందెక్కడో పడి ఉన్నాయి. ఆ తర్వాతే 'ఇది ఎంత పెద్ద తప్పు' అని చెప్పే వీలు ఫీడ్‌బ్యాక్‌లో పెట్టారు. ఫైళ్లు పోయిన గోడుకే ఆ గతి పడితే, మా ఊరి ఒత్తుకు ఎన్ని ఓట్లు వస్తాయి? నా రిపోర్టుకు వారం తర్వాత నాలుగు. అందులో రెండు మా రూమ్మేట్లవి, బిర్యానీ ఆశ చూపించి వేయించినవి.

మా ఊరికి దగ్గర్లోనే, తుగ్గలి మండలం ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. బ్రాహ్మీ లిపి ఎడమ నుంచి కుడికి రాయాలి. అక్కడి ఒక శాసనంలో కొన్ని వరసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చెక్కినవాడు ఎందుకలా చేశాడోగానీ, రెండువేల రెండువందల ఏళ్లయినా అది అలాగే ఉంది. రాతికెక్కాక అప్‌డేట్ లేదు. రాతికెక్కకముందు ఉండే నాలుగు నెలలే ఈ బీటా అనేది. ఆ నాలుగు నెలలూ నేను మెనూ రంగులు చూస్తూ గడిపా.

రెండు బిల్డ్‌ల దాకా ఏమీ మారలేదు. మూడోదానికి ఒత్తులు చేరాయి. నా రిపోర్టు వల్లా, ఇంకెవరి వల్లా అన్నది తెలియదు, మార్పుల జాబితాలో 'కొన్ని భారతీయ లిపుల కూర్పు సరిచేశాం' అన్నట్టు ఒక వరస ఉంది, అంతే. వజ్రం దొరికినవాళ్ల పేర్లు కూడా బయటికి రావు కదా అనుకుని నవ్వుకున్నా.

ఇప్పుడు నేను ఒక చిన్న ఫైలు దాచుకున్నా. మద్దికెర, జ్ఞానం, స్త్రీ, రాష్ట్రం, కర్త్రి, క్షమ, ఋషి, వాఙ్మయం లాంటివి ఒక నలభై మాటలు. కొత్త బిల్డ్ ఎక్కించగానే రంగులు చూడకముందు అది తెరుస్తా. రెండు నిమిషాల పని. మన క్లబ్‌లో ఎవరికి కావాలన్నా పంపిస్తా. ఎవరైనా తప్పు పట్టి రిపోర్టు రాస్తే లింకు మన గ్రూపులో పెట్టండి, నేను ఓటేస్తా. బిర్యానీ అక్కర్లేదు.

దసరాకు ఇంటికెళ్లినప్పుడు, గుర్రాల పందెం అయిన మర్నాడు, అదే లాప్‌టాప్‌లో ఆ వార్త తెరిచి నాయన ఒళ్లో పెట్టా. ఈసారి పక్కనే కూర్చున్నా. ఆయన అద్దాలు సర్దుకుని, వేలు పెట్టి, మొదటి మాట గట్టిగా చదివాడు.

"మద్దికెర."

తర్వాత మిగతాదంతా లోపల్లోపలే చదువుకున్నాడు. అయిపోయాక లాప్‌టాప్ నాకిచ్చి, అమ్మ వైపు తిరిగి అన్నాడు: "కండ్లు బాగనే ఉండాయి."