చల్లదనానికీ ఓ లెక్కుంది!

ఏసీ కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కలేస్తాం. ఒక టన్నా, టన్నున్నరా? మూడు స్టార్లా, ఐదా? నెలకు ఎంత కట్టాలి? 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గడంతో కొనడం ఇంకాస్త తేలికైంది కూడా. కొన్నాక దాన్ని చూసుకోవడానికి ఏటా ఎంతవుతుందో మాత్రం ఎవరం అడగం. బైకు కొన్నవాడికి ఇంజిన్ ఆయిల్ మార్చాలని తెలుసు. ఏసీ దగ్గరికొచ్చేసరికి ఆ ధ్యాసే ఉండదు. చల్లగాలి వస్తున్నన్నాళ్లూ అది గోడమీద ఉన్న సంగతే గుర్తుండదు!

మేముండేది మొయినాబాద్‌లో. మా పెద్దమ్మావాళ్లది చేవెళ్ల. ఒకప్పుడు ఇక్కడ ఏసీ అంటే నవ్వేవాళ్లు. బీజాపూర్ రోడ్డుకు రెండువైపులా మర్రిచెట్లు, దగ్గర్లోనే గండిపేట, హిమాయత్‌సాగర్. ఎండాకాలం సెలవులకు పట్నం చుట్టాలే మా దగ్గరికి వచ్చేవారు. ఇప్పుడు పెంకుటిళ్లు పోయి డాబాలొచ్చాయి. పగలంతా కాగిన స్లాబు రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది.

పెద్దనాన్నకు పక్షవాతం వచ్చి మంచానికే పరిమితమయ్యాక, గది చల్లగా ఉండేలా చూసుకోమన్నారు డాక్టరు. అన్నయ్య పూలతోట చేస్తాడు. గుడిమల్కాపూర్ మార్కెట్లో ఆ ఏడు బంతిపూలకు నాలుగు డబ్బులొస్తే, వాటిలోంచి తీసి ఒక టన్ను పాత ఏసీ కొన్నాడు. అసలు కథ అక్కడ మొదలైంది.

అలారం పెట్టుకుని లేచి...

తెలంగాణలో గృహజ్యోతి పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. తెల్ల రేషన్‌కార్డు ఉన్నవాళ్లు నెలకు 200 యూనిట్లలోపు వాడితే బిల్లు సున్నా. దాటితే మాత్రం, దాటిన ఆ ఒకటీ రెండూ కాదు, మొత్తానికీ కట్టాలి. పైగా శ్లాబు మారిపోతుంది. 2022లో నిర్ణయించిన ధరల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు. ఆపైన 7 రూపాయల 70 పైసలు.

‘‘ఒక్క యూనిట్ ఎక్కువైనా మొత్తం మీద పడ్తది బిడ్డా’’ అంటుంది పెద్దమ్మ. అందుకే రాత్రి తొమ్మిదింటికి ఏసీ వేసి, ఒంటిగంటకు అలారం పెట్టుకుని మరీ లేచి ఆపేస్తుంది. పెద్దనాన్నకు మాట పడిపోయింది. ఉక్కపోస్తోందని చెప్పలేడు. పొద్దున తడిసిన దిండు చూస్తే తెలుస్తుంది.

ఒకసారి కాగితం మీద లెక్కేశాం. ఫ్రిజ్జూ ఫ్యాన్లూ టీవీ కలిపి నెలకు 85 యూనిట్లు. ఆ ఏసీ గంటకు సుమారు 0.9 యూనిట్ తాగుతుంది. రోజుకు నాలుగ్గంటలు వేస్తే నెలకు 108. మొత్తం 193. అంతా సవ్యంగా ఉన్నట్టే. అయినా ఓ ఏప్రిల్‌లో మీటరు 204 చూపించింది. 1,020 రూపాయలూ, ఆపై నాలుగు యూనిట్లకు 31 రూపాయలూ, మిగతా చార్జీలు అదనం!

ఆ 11 యూనిట్లు ఎక్కడివి? ఫిల్టర్ తీసి చూస్తే అర్థమైంది. జాలీ కనపడనంతగా ఎర్రమట్టి దుమ్ము. ఏసీ చలిని తయారుచేయదు. గదిలోని వేడిని లాగి బయట పారేస్తుంది. గాలి లోపలికి వెళ్లే దారి మూసుకుపోతే అదే పనికి ఎక్కువసేపు తిరగాల్సి వస్తుంది. మురికి ఫిల్టర్ బదులు శుభ్రమైనది ఉంటే కరెంటు వాడకం 5 నుంచి 15 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. పది శాతమే అనుకున్నా 108లో 11 యూనిట్లు. ఇంతాచేసి దాన్ని కడగడానికి అయ్యే ఖర్చు బకెట్టు నీళ్లు!

‘గ్యాస్ అయిపోయిందమ్మా!’

మరి మెకానిక్‌ను పిలవలేదా అంటే, పిలిచారు. ఫోన్ చేస్తే మెహిదీపట్నం నుంచి వచ్చాడు. దూరానికి వేరే 300. వస్తూనే ‘‘గ్యాస్ అయిపోయిందమ్మా’’ అన్నాడు. 2,800 తీసుకుని నింపి వెళ్లాడు. మరుసటి వేసవిలో ఇంకొకతను, అదే మాట, అదే రేటు.

ఇక్కడే మనం తెలుసుకోవాల్సింది ఉంది. ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోల్ లాంటిది కాదు, వాడితే అయిపోవడానికి. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. చిల్లు చూడకుండా నింపడమంటే ఓటికుండలో నీళ్లు పోయడమే.

మూడోసారి చేవెళ్ల కుర్రాడే వచ్చాడు. రాగి గొట్టాల అతుకుల దగ్గర సబ్బునురుగు రాశాడు. బయటి యూనిట్ నట్టు దగ్గర బుడగలొచ్చాయి. అది సరిచేసి, గ్యాస్ నింపి 3,200 తీసుకున్నాడు. ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి, గ్యాస్ మాటే లేదు. గ్యాస్ నింపాలని ఎవరన్నా అంటే ముందు ‘లీకు ఎక్కడుందో చూపించు బాబూ’ అనండి. పాత ఏసీలో ఒకరకం గ్యాస్, కొత్తవాటిలో ఇంకోరకం. ఏది నింపాలో మెషీన్ మీద అంటించిన రేకులోనే రాసి ఉంటుంది. అది చూశాకే నింపించుకోండి.

ఏడాదికి ఎంత?

మా దగ్గర నీళ్లు కొట్టి కడిగే సర్వీసుకు 600 దాకా తీసుకుంటున్నారు. వేసవికి ముందోసారి, వానలు తగ్గాకోసారి అంటే 1,200. దూరం చార్జీలు వేస్తే 1,800. ఇది తగ్గించుకోవడానికి మా గల్లీలో ఓ ఉపాయం చేశాం. నాలుగిళ్లవాళ్లం కలిసి ఒకే రోజు పిలిపిస్తాం. ఆ 300 నలుగురి మీద పడితే తలా 75. అదీ శివరాత్రి రోజుల్లోనే. చలి శివశివా అంటూ వెళ్లే వేళకి మెకానిక్‌లు ఖాళీగా ఉంటారు. ఏప్రిల్‌లో పిలిస్తే ‘రేపొస్తా’ అంటూనే వారం గడిపేస్తారు.

ఏడాది కాంట్రాక్టు తీసుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. కొన్నింట్లో కడగడం వరకే ఉంటుంది, గ్యాస్‌కూ విడిభాగాలకూ డబ్బు వేరే. సంతకానికి ముందే అడగాలి.

మిగతాది మన చేతిలో పనే. వాడకం ఎక్కువున్న నెలల్లో, మా రోడ్డు పక్కిళ్లలాగా దుమ్ముండే చోట, రెండు వారాలకోసారి ఫిల్టర్ కడిగి నీడలో ఆరబెట్టాలి. బయటి యూనిట్ ముందు గోనెసంచులూ పాత సామానూ పెట్టకూడదు. వేడి బయటికి పోవాలి కదా! ఇక ఉష్ణోగ్రత. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అంటుంది ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ. స్టార్ రేటింగ్ ఉన్న కొత్త ఏసీలన్నీ 24 దగ్గరే మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. 26లో పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా వేసుకుంటే చాలామందికి హాయిగానే ఉంటుంది.

పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు ఫిల్టర్ కడిగే పని అన్నయ్య కూతురిది. ఏసీ 26లో నడుస్తోంది. మీటరు 192 దగ్గర ఆగుతోంది. పెద్దమ్మ అలారం ఒంటిగంటకు బదులు ఒకటిన్నరకు మోగుతోంది. అరగంటే కావచ్చు... మంచంలో ఉన్న మనిషికి అది తక్కువేం కాదు.