వరుస తప్పితే ఎనిమిది

రాత్రి పన్నెండు వేళ రైలు టికెట్ కోసం ఐఆర్‌సీటీసీ తెరిస్తే పని కాదు. 11.45 నుంచి 12.20 దాకా రోజూ బుకింగ్ ఆపేస్తారు. అయిదు నగరాల రిజర్వేషన్ కంప్యూటర్లను కలిపిన కన్సర్ట్ అనే వ్యవస్థ 1994లో ముందుగా అమలైంది మా సికింద్రాబాద్‌లోనే. చిలకలగూడలో పెరిగినవాణ్ని కదా, ఈ సంగతి జర్మనీలో కూడా గొప్పగా చెబుతుంటాను, వినేవాళ్లున్నా లేకున్నా.

అలా సిస్టమ్ ఆపి పని చేసుకోవడానికి రైల్వేకి రోజూ అరగంటైనా దొరుకుతుంది. మాకు దొరికేది నెలకో శనివారం రాత్రి. నేను మన్‌హైమ్‌లో ఎస్‌ఏపీ బేసిస్ పని, అంటే ఎస్‌ఏపీ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ నడిచే సిస్టమ్‌లను చూసుకునే పని చేస్తాను. 1972లో అయిదుగురు ఐబీఎం మాజీ ఉద్యోగులు పెట్టిన ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం వాల్డోర్ఫ్‌లో, మాకు దగ్గర్లోనే. ఫ్యాక్టరీ బిల్లులు, జీతాలు, స్టాకు అన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తాయి కాబట్టి మార్పులు ఎప్పుడు పడితే అప్పుడు ఎక్కించడం కుదరదు.

ప్రోగ్రామర్ డెవలప్‌మెంట్ సిస్టమ్‌లో మార్పుల మూటని, అంటే రిక్వెస్టుని, రిలీజ్ చేయగానే ఉమ్మడి డైరెక్టరీలో రెండు ఫైళ్లు పడతాయి. ‘ఆర్’తో మొదలయ్యే డేటా ఫైల్లో అసలు సరుకు ఉంటుంది. అది ఏ సిస్టమ్‌లో ఏ దశ దాకా వచ్చిందో ‘కె’తో మొదలయ్యే కోఫైల్ చెబుతుంది. అక్కడి నుంచి టెస్టింగ్‌కి, ఆ తర్వాత ప్రొడక్షన్‌కి. స్క్రీన్ మీద లారీ బొమ్మ నొక్కినా పని అవుతుంది గానీ, దాని వెనక నడిచేది టీపీ అనే కమాండే. టీపీ షోబఫర్ అంటే వరుసలో ఏమేం ఉన్నాయో చూపిస్తుంది, టీపీ ఇంపోర్ట్ అంటే ఎక్కిస్తుంది. సిస్టమ్‌లోకి లాగిన్ కూడా కాలేని రాత్రుల్లో ఆ బొమ్మ ఎందుకూ పనికిరాదు. అప్పుడు దిక్కు టీపీయే.

పని ముగిశాక రిటర్న్ కోడ్ వస్తుంది. సున్నా అయితే హాయి. నాలుగు హెచ్చరిక, చదివి వదిలేయొచ్చు. ఎనిమిది అంటే ఎర్రర్, పన్నెండు అంటే అసలు పనే ఆగిపోయింది.

వేసవిలో మాకు శనివారం రాత్రి పదైతే సికింద్రాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున ఒకటిన్నర. ఆ వేళకి కీబోర్డు ముందు ఉండేది అక్కడి మా ఆఫీసు కుర్రాడు. ఫోన్ మోగుతుంది. “అన్నా, ఎనిమిది కొట్టింది.” లాగ్ చూడమంటాను. నూటికి తొంభైసార్లు కథ ఒకటే: కొత్త ఫీల్డు ఉన్న టేబుల్ ఒక రిక్వెస్టులో, దాన్ని వాడే ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో. ప్రోగ్రామ్ ముందొచ్చింది. లేని ఫీల్డును అడిగితే ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇది నయం, కనీసం అరుస్తుంది. అరవని రకం ఇంకోటుంది. ఒకే ప్రోగ్రామ్‌కి రెండు మార్పులు. అర్జెంటని కొత్తదాన్ని ముందు ఎక్కిస్తారు, పాతది తర్వాత వచ్చి దాన్ని తొక్కేస్తుంది. రిటర్న్ కోడ్ సున్నా. సోమవారం పొద్దున బిల్లులు తప్పు రేటుతో వచ్చేదాకా ఎవరికీ తెలియదు. అందుకే రిలీజ్ అయిన వరుసలోనే ఎక్కించాలంటారు. తప్పనిసరై ఒకదాన్ని ముందు పంపినా, బఫర్‌లో దాని చోటు దానికి ఉంచేయాలి. టీపీకి ‘యూ జీరో’ ఇచ్చేది అందుకే. అసలు వంతు వచ్చినప్పుడు అది మళ్లీ ఎక్కుతుంది, చివరికి మిగిలేది కొత్త మార్పే.

వేరే కంపెనీ సిస్టమ్ నుంచి ఫైళ్లు తెచ్చేటప్పుడు మరో తద్దినం. ఎఫ్‌టీపీలో బైనరీ మోడ్ పెట్టకపోతే డేటా ఫైల్ పాడవుతుంది, పైకి మాత్రం ఫైల్ వచ్చినట్టే కనిపిస్తుంది.

మార్పులు ఎక్కించడానికి ఇప్పుడు గిట్‌తో నడిచే పద్ధతులు వచ్చాయి, మంచిదే. అయినా ఎస్‌ఏపీ పాత తరం సాఫ్ట్‌వేర్ ఈసీసీలో కొత్త రూపాలకు మామూలు మద్దతు 2027 చివరి దాకా ఉంది, ఆపైన కూడా ఈ సిస్టమ్‌లు ఒక్కరోజులో మాయమైపోవు. టీపీకి ఇంకా చాలా శనివారాలున్నాయి.

ప్రాజెక్టు మేనేజర్లకు నాదొక్కటే విన్నపం. రిక్వెస్టుల జాబితా శుక్రవారం మధ్యాహ్నానికల్లా పంపండి. నంబర్లు ఒక్కటే చాలవు, ఏది ముందో ఏది తర్వాతో రాయండి, దేని మీద ఏది ఆధారపడిందో కూడా రాయండి. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మెయిల్లో ‘ఇంకొకటి కలపండి’ అంటే, తెల్లవారుజామున ఒకటిన్నరకి దాని పాపం మోసేది సికింద్రాబాద్‌లోని ఆ కుర్రాడు.