మసి లేని మైనం

నవంబరు వచ్చిందంటే ఇక్కడ కిటికీలు మూసేస్తాం. మళ్ళీ తెరిచేది ఏ ఏప్రిల్లోనో. సరిగ్గా అప్పుడే మనకు కార్తీకమాసం. మా అమ్మాయికి ఉబ్బసం. అందుకే దేవుడి దగ్గర దీపమైనా, గ్లాసులో పోసిన కొవ్వొత్తైనా, ఎంత పొగ వస్తుందన్నదే నాకు మొదటి ప్రశ్న. మిసిసాగా వచ్చాక కొవ్వొత్తులు ఇంట్లోనే పోసుకోవడం మొదలుపెట్టింది అందుకే.

"సోయా మైనం శుద్ధం, పారఫిన్ విషం" అని చాలామంది అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. మసి అంటే పూర్తిగా కాలని కార్బన్. వత్తి పీల్చే మైనం ఎక్కువై, అందే గాలి చాలకపోతే ఏ మైనమైనా మసి కక్కుతుంది. మన అమ్మమ్మలు కాటుక పట్టింది చెట్టు నుంచి వచ్చిన ఆముదంతోనే కదా! దీపం మీద పళ్ళెం బోర్లిస్తే మంట చల్లబడి, కాలని కార్బన్ దానికి అంటుకునేది. వాళ్ళకు మసి కావాలి, మనకు వద్దు.

పారఫిన్ అంతా ఒకటి కాదు. జామ్ సీసాల మీద పోసే మైనం సూపర్ మార్కెట్లో చవగ్గా దొరుకుతుంది కానీ అది గట్టిది. గ్లాసులో పోస్తే చల్లారేటప్పుడు కుంచించుకుపోయి గాజును వదిలేస్తుంది, నడిమధ్య గుంట పడుతుంది. గ్లాసుల కోసమని అమ్మే మిశ్రమాలు మెత్తగా ఉండి, సుమారు 50-55 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. గాజును పట్టుకుని ఉండేలా వాటిలో మైక్రోక్రిస్టలైన్ మైనమో, సోయానో కలుపుతారు. నేను వాడేది పారఫిన్, సోయా కలిపినది. ఒట్టి సోయా అయితే పైన తెల్లగా బూడిద పూసినట్టు అవుతుంది. హాని లేదు, చూడ్డానికే బాగుండదు.

అన్నట్టు, మన కిరసనాయిలు పేరులోనూ మైనం ఉంది. 1846లో ఇక్కడి ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో ఆ నూనెను వెలిగించి చూపిన నోవా స్కోషియా వైద్యుడు ఏబ్రహాం గెస్నర్, గ్రీకులో మైనానికున్న మాట నుంచే కెరొసిన్ అని పేరు పెట్టాడు.

మైనం కుదిరాక అసలు తంటా వత్తితో. ఒకే గ్లాసుకు మూడు సైజుల వత్తులు పెట్టి చూస్తాను. లావుదైతే మంట ఎగసి గాజు నల్లబడుతుంది. సన్నదైతే మధ్యలో గొయ్యి తవ్వుకుంటూ పోయి అంచుల్లో మైనం మిగిలిపోతుంది. వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. హీటర్ గాలి వచ్చే నేల జాలీ పక్కన మాత్రం పెట్టకండి, మంట ఊగితే ఎంత మంచి మిశ్రమమైనా మసే.

కరిగించేది ఎప్పుడూ వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి. మైనం అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, స్టవ్ ఆపి మూత పెట్టాలి.

ఆర్పేటప్పుడు కూడా నోటితో ఊదను. ఊదితే లేచే తెల్లటి పొగ కాలని మైనపు ఆవిరే, అమ్మాయికి దగ్గు తెప్పించేది ఎక్కువగా అదే. గ్లాసు మీద మూత పెడితే చాలు. దీపాన్ని ఊదకూడదు, కొండెక్కించాలి అనే మా అత్తయ్యగారికీ ఈ పద్ధతే నచ్చింది. మల్లె సువాసన మాత్రం అతిథులు వచ్చినప్పుడు, హాల్లోనే. అమ్మాయి గదిలో ఏ కొవ్వొత్తీ లేదు, బ్యాటరీ దీపమే.