బంకులో ఆ గుడ్డముక్క

స్పోర్ట్స్ కారు ఉన్నవాడి బెంగలు తక్కినవాళ్లకు నవ్వులాటగా ఉంటాయి. బండిని పెట్రోలు బంకులో ఆపి, గన్ను ఎక్కడ తగులుతుందో, పైపు ఎక్కడ రాసుకుంటుందో, చుక్క ఎక్కడ పడుతుందో అని దాని చుట్టూ ప్రదక్షిణాలు చేసేవాణ్ణి చూస్తే కలిగినవాడి కష్టాలు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుంటాం. అయితే ఆ బెంగ అతనొక్కడిదే కాదు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో ఏ బంకు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. వాయిదాల మీద కొన్న కొత్త బైకు ట్యాంకు మీద ఒక్క చుక్క పడితే చాలు, కుర్రవాడు ఉలిక్కిపడి చొక్కా అంచుతో తుడిచేస్తాడు. కారాయన అద్దం దించి 'తమ్ముడూ, కాస్త తుడువు' అని పురమాయిస్తాడు. బంకు కుర్రాడు మిషను మీద ఆరేసిన గుడ్డముక్క అందుకుని మూత చుట్టూ నాలుగుసార్లు గట్టిగా రుద్దుతాడు. ఇద్దరికీ తృప్తి. నేను చెప్పదలచుకున్నదల్లా, పెట్రోలు పోయించుకునేటప్పుడు బండి రంగుకు జరిగే నష్టంలో పెట్రోలు వాటా కొంచెం, ఆ గుడ్డ వాటా చాలా అని. బొగ్గూ బూడిదా ఇసుకా కలిసి ప్రయాణించే ఈ దారిలో అది మరీ నిజం.

బండి మీద మనం చూసి మురిసిపోయే మెరుపు అసలు రంగుది కాదు, దాని పైనున్న క్లియర్ కోటుది. రేకుకు తుప్పు పట్టకుండా మొదట ఒక పూత వేస్తారు, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు. నాలుగూ కలిపినా మిల్లీమీటరులో పదో వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. క్లియర్ కోటు ఒక్కటే చూస్తే 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక అంత మందం కూడా ఉండదు. కోటి రూపాయల కారుకూ పది లక్షల కారుకూ ఈ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫ్యాక్టరీలో వేడిగదుల్లో కాల్చి గట్టిపరచిన ఈ పూతలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని అల్లుకుని ఉంటాయి. పెట్రోలు చుక్క ఆ అల్లికను ఇట్టే కరిగించలేదు, ఎందుకంటే అంతసేపు అది అక్కడ నిలవదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం ఎండలో చూస్తుండగానే ఎగిరిపోతుంది. పోయేది పైన ఎవరైనా మైనం పాలిష్ రాసి ఉంటే అది. మిగిలేది పెట్రోలులో కలిపిన రంగు, ఇతర పదార్థాల లేత మరక. అదైనా ఆ సాయంత్రం నీళ్లతో కడిగితే పోయేదే. డీజిల్ అయితే అంత త్వరగా ఆరదు, జిడ్డుగా నిలిచి దుమ్మును పిలుచుకుంటుంది. అది చిరాకే గానీ గాయం కాదు.

గుడ్డ సంగతి వేరు. గుడ్డ మెత్తనిదే, అది ఎత్తుకున్న ధూళి మెత్తనిది కాదు. ఈ జిల్లాల ధూళికి ఒక చరిత్ర కూడా ఉంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో తవ్వే కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా బొగ్గు ఈ నేల మీద కదలని రోజు లేదు. బొగ్గు స్వతహాగా మెత్తనిదే అయినా, దానితో కలిసి వచ్చే రాతిపొడి అలాంటిది కాదు. మన దేశపు బొగ్గును కాలిస్తే మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, బూడిదే మిగులుతుంది. పాల్వంచలోని థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్ 1960ల నుంచీ ఆ బూడిదను పోగేస్తూ వచ్చింది. పాత యూనిట్లు మూతపడి, వాటి కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేసినా, 2018 చివర్లో వచ్చిన 800 మెగావాట్ల యూనిట్ నడుస్తోంది. మణుగూరు వైపు 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం ఉంది. సిమెంటుకూ ఇటుకలకూ పోయే బూడిద లారీలు తిరిగేది ఈ రోడ్ల మీదే. చేతికి మెత్తగా తగిలే ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా కలిసి గడ్డకట్టిన గాజు గుండ్లు, కంటికి ఆననంత చిన్నవి. దానికి తోడు గోదావరి ఇసుక లారీలు, ఖమ్మం గ్రానైట్ బండల్ని మోసే ట్రైలర్లు. ఇసుకలోనూ గ్రానైట్‌లోనూ ఉండేది క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనం చెప్పే మోస్ కొలతలో క్వార్ట్జ్‌కు 7, మామూలు చాకుకు ఐదున్నర. క్లియర్ కోటు ఏ దేశం నుంచి దిగిన కారుదైనా చివరికి ఒక రకం ప్లాస్టిక్. ఉక్కును గీసే రేణువుకు ప్లాస్టిక్ ఒక లెక్కా?

ఆ ధూళి ఊరికే వచ్చి కూర్చుంటే ఏమీ చేయదు. గీత పడాలంటే రెండు కావాలి: నొక్కుడు, కదలిక. రెండింటినీ చెయ్యే సమకూరుస్తుంది. బంకులో గుడ్డ పొద్దుటి నుంచి ఎన్ని బండ్లు తుడిచిందో, ఎన్నిసార్లు కింద పడిందో, గన్ను కారుతున్నప్పుడు ఎన్నిసార్లు దాని మూతికి చుట్టారో చెప్పలేం. ముందు తుడిచిన టిప్పరు మీది క్వార్ట్జ్ తర్వాతి కారుకు దానితోపాటే వస్తుంది. తార్కాణం ఎక్కడో వెతకనక్కర్లేదు. నాలుగైదేళ్లు ఈ దారిన తిరిగిన నల్లని లేదా ముదురు నీలం కారును ఎండలో నిలబెట్టి, పెట్రోలు మూత చుట్టూ ఉన్న జానెడు మేరను వెనుక తలుపుతో పోల్చి చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులాంటి సన్నని వలయాలు మూత దగ్గర చిక్కగా కనిపిస్తాయి. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులకూ పడినవే. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి గనుక కంటికి వలయాలుగా తోస్తాయి. పెట్రోలే దోషి అయితే అక్కడ మరకలు, పొంగులు కనిపించాలి, కనిపించేవి గీతలు. పెయింటింగ్ షెడ్డులో రబ్బింగ్ పాలిష్ పెట్టి వీటిని మాయం చేస్తారన్నది నిజమే. కానీ మాయం చేయడమంటే గీత అడుగు దాకా క్లియర్ కోటును అరగదీయడం. ప్రతి పాలిష్‌కూ కొన్ని మైక్రాన్లు పోతాయి. మొత్తం ఉన్నదే 40, 50. పలచబడిన కోటును ఎండ తినేస్తే రంగు వెలిసి పొట్టు లేస్తుంది.

చుక్క అసలు ఎందుకు పడుతుందో కూడా ఆలోచించాలి. గన్ను మూతి చివర చిన్న రంధ్రం ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు ఆ ఎత్తుకు చేరి రంధ్రాన్ని మూయగానే లోపలి గాలి ఒత్తిడి మారి పిడి దానంతటదే 'టక్'మని వదిలేస్తుంది. అక్కడ ఆపితే చుక్క పడే అవకాశం బాగా తక్కువ. మనం ఆపం. మీటరు 1,863 రూపాయల దగ్గర ఆగితే దాన్ని 1,900 చేయాలి. 'రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్' అన్న మర్యాద అది. చిల్లర దొరకని కాలంలో ఆ అలవాటుకు ఒక అర్థం ఉండేది. ఇప్పుడు ఫోనుతో స్కాన్ చేసి కట్టేవాడికి 1,863 కొట్టడానికీ 1,900 కొట్టడానికీ పడే శ్రమ ఒకటే. అయినా ఆ చివరి ముప్ఫై ఏడు రూపాయల పెట్రోలును మెడ దాకా పోసి పొంగించుకుంటున్నాం. ఈ దారి చివర భద్రాచలం దగ్గరి రాష్ట్ర సరిహద్దుకు మరో చిత్రం ఉంది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో భద్రాచలం పట్టణం దాటగానే ఎటపాక, ఇంకా ముందుకు పోతే చింతూరు, ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని కుంట. ఒక పూట ప్రయాణంలో మూడు రాష్ట్రాలు, మూడు పన్నులు, మూడు ధరలు. ధర తక్కువున్న చోట ట్యాంకు మూతి దాకా నింపుకోవాలనిపించడం సహజం. ఆ ఆశలో లాభం ఎంతో గానీ, బీఎస్-6 బండ్లలో పెట్రోలు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది, మెడ దాకా నింపితే అందులోకి పెట్రోలే చేరి దాన్ని పాడు చేయవచ్చు. రంగు మాట అటుంచినా మొదటి 'టక్' దగ్గర ఆగడానికి ఆ ఒక్క కారణం చాలు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. బైకుతో పాటు ఇచ్చే పుస్తకాల్లో కంపెనీలే చెబుతాయి, ఒలికిన ఇంధనాన్ని వెంటనే తుడవమని, లేకపోతే రంగూ ప్లాస్టిక్ భాగాలూ పాడవుతాయని. మరి తుడవొద్దనడం ఎలా? ఆ పుస్తకాలు తుడవమన్నది శుభ్రమైన, మెత్తని గుడ్డతో. బంకులోని గుడ్డకు ఆ రెండు గుణాల్లో ఒక్కటీ ఉండదు. అయినా ఆ హెచ్చరికలో నిజం లేకపోలేదు, ముఖ్యంగా బైకుల విషయంలో. కారుకు మూత పక్కన ఉంటుంది, చుక్క జారి నేల మీద పడుతుంది. బైకుకు నడినెత్తిన ఉంటుంది. గన్ను లోతుగా దిగదు, కుర్రాడు చేత్తో పట్టుకుని కంటి అంచనాతో పోస్తాడు, 'టక్'మని దానంతటదే ఆగుతుందన్న భరోసా ఉండదు. చిందినది మూత చుట్టూ ఉన్న గాడిలో నిలుస్తుంది, స్టిక్కర్ అంచుల్లోకి పాకి జిగురును వదులు చేస్తుంది. ఊళ్లో షెడ్డులో రంగు వేయించిన పాత బండ్లకు వేడిగదిలో కాల్చిన గట్టిదనం ఉండదు గనుక వాటి మీద పెట్రోలు నిజంగానే పని చేస్తుంది. సరిగా ఆరని టచప్ రంగైతే మెత్తబడి గుడ్డకే అంటుకుని వస్తుంది. ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, దానికి నీటిని పీల్చుకునే గుణం, కొన్ని రబ్బర్లనూ ప్లాస్టిక్‌లనూ నొప్పించే గుణం ఉన్నాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ వీటిలో ఏదీ మురికి గుడ్డతో రుద్దమని చెప్పదు. చుక్క మీద దోసెడు నీళ్లు పోస్తే పెట్రోలూ పోతుంది, దాని కింది ఇసుకా పోతుంది. ఆ తర్వాత శుభ్రమైన మెత్తని గుడ్డను మడిచి అద్దితే తడి ఆరుతుంది. తాగునీరు, గాలి ఉచితంగా అందించాలన్నది బంకులకు చమురు సంస్థలు పెట్టిన నియమమే. అంటే మందు అక్కడే ఉంది, పక్కన పెట్టి గుడ్డ పట్టుకుంటున్నాం.

తొందర నిజంగా అవసరమైన చోట మనకు తొందర ఉండదన్నది మరో విడ్డూరం. పాల్వంచ దాటి అడవి దారి పట్టాక చెట్ల కింద బండి ఆపుతాం. పర్ణశాల దగ్గర నీడ దొరికితే గంటలకొద్దీ వదిలేస్తాం. పిట్ట రెట్టలోని ఆమ్లం, చెట్టు జిగురు, ముందు భాగానికి కొట్టుకుని చచ్చిన పురుగులు ఎండలో కాగి క్లియర్ కోటును నిజంగా తింటాయి. వాటిని ఇంటికొచ్చాక, ఆదివారం దాకా అలాగే ఉంచుతాం. నిమిషంలో ఆవిరయ్యే చుక్క మీద మాత్రం యుద్ధానికి దిగుతాం.

మళ్లీ స్పోర్ట్స్ కారు దగ్గరికి వస్తే, దాని యజమాని బెంగలో కొంత భాగం సరైనదే. పోర్షే 911లో పెట్రోలు మూత ముందు కుడి చక్రం పైని రేకులో ఉంటుంది. అది కారులో అందరి కన్నూ పడే ఉబ్బెత్తు భాగం. మిషను అటు పక్క ఉంటే పైపు ఆ నున్నని వంపు మీదుగా సాగి రావాలి. నేల మీద ఈడ్చి ఈడ్చి ఇసుక అంటిన రబ్బరు పైపు మూడు నిమిషాలు అక్కడ ఆనుకుని కదులుతూ ఉంటే గుడ్డ చేసే పనే అదీ చేస్తుంది. కాబట్టి అతను పైపును చేత్తో ఎత్తి పట్టుకోవడం చాదస్తం కాదు. మూత చుట్టూ పారదర్శక ఫిల్మ్ అంటించుకున్నా తప్పులేదు. బండి మొత్తానికి వేయించాలంటే లక్షలవుతుంది, ఆ జానెడు మేరకు చాలా తక్కువలో అవుతుంది. కానీ వేల రూపాయల సిరామిక్ కోటింగ్ చేయించి, ఇక ఏ గుడ్డతో తుడిచినా ఫరవాలేదనుకునేవాళ్లు ఉన్నారు. ఆ కోటింగ్ మురికి త్వరగా జారిపోవడానికి సాయపడుతుంది, ఇసుక గీతను ఆపే కవచం మాత్రం కాదు.

ఇదంతా కలిగినవాళ్ల గోల, బండి అన్నాక నాలుగు గీతలు పడతాయి, తిరగడానికి కొన్నామా చూసుకోవడానికి కొన్నామా అనేవాళ్లుంటారు. స్పోర్ట్స్ కారు విషయంలో ఆ మాటకు నేను పెద్దగా వాదించను. కానీ అప్పు చేసి కొన్న ఆటో, బైకు, టాక్సీ అమ్మేటప్పుడు కొనేవాడు మొదట చూసేది రంగే, వంక పెట్టి ధర తగ్గించేది దానికే. పోతే, ఇందులో బంకు కుర్రాడి తప్పేమీ లేదు. తుడవడం అతనికి ఎవరూ జీతం కట్టివ్వని మర్యాద, మనం కేకేస్తే చేసే పని. పని మారాలంటే కేక మారాలి. బంకు యజమానులు ఆ గుడ్డలు తీసేసి ప్రతి మిషను పక్కనా ఒక నీళ్ల సీసా పెట్టిస్తే నయం, ఖర్చు కూడా ఏమీ లేదు. అంతవరకూ మనమే అద్దం దించి, మొదటి టక్కుకే ఆపమని, రౌండ్ ఫిగర్ వద్దని, ఒలికినా తుడవొద్దని చెబుదాం.